ఐదో నంబరు చెప్పులు

యూనిఫాం బట్టలు కుట్టే ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఆమెకన్నా నాలుగేళ్లు పెద్దదైన బొత్తాల పెద్దావిడ కూడా అక్కా అనే పిలుస్తుంది. ఆమె కాదనదు. కాదనడం ఆమెకు చేతకాని విద్య. టీ చల్లారిపోయి వచ్చినా బాగుందంటుంది. కిటికీ దగ్గరున్న ఆమె బల్లను నిన్నగాక మొన్న చేరిన అమ్మాయికిచ్చి, ఆమెను గోడ మూలకు నెట్టినా ఇక్కడే బాగుందంటుంది. వేరే ఊళ్లో ఉన్న కూతురు ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అని అడగబోతే, ఆ పిల్ల మాట నోట్లో ఉండగానే "బాగానే ఉన్నానే" అనేస్తుంది. ఇలాంటి మనిషి ఇంట్లో ఒకరుంటే మిగతావాళ్లకు కడుపులో చల్ల కదలదు. ఆ మనిషి కడుపులో ఏం కదులుతోందో మాత్రం ఎవరూ అడగరు.

ఆమెది నిలబడి చేసే పని. కుట్టుమిషన్ల వరస దాటిన చొక్కాలన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి. కాలరు, భుజం పట్టీ, జేబు మూత, ఆ వరసలోనే ఇస్త్రీపెట్టె నడవాలి. కూర్చుని చేస్తే బరువు పడదు, మడత నిలవదు. అందుకని పొద్దున తొమ్మిదికి నిలబడితే, మధ్యలో అన్నం తినే అరగంట తప్ప, సాయంత్రం ఐదున్నర దాకా ఆ రెండు కాళ్లదే భారం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. సూపర్‌వైజరు మంచివాడే కానీ పని దగ్గర మొహమాటం లేని మనిషి. మోకాళ్లు పట్టేసిన పాత ఇస్త్రీ మనిషిని ఎంత మర్యాదగా ఇంటికి పంపేశాడో ఆమె కళ్లారా చూసింది. నిలబడలేనివాళ్లకు అక్కడ బల్ల లేదు.

ఇక చెప్పుల సంగతి. చిన్నప్పుడు పెద్దమ్మ కూతురు తొడిగి తొడిగి వదిలేసినవి ఆమెకొచ్చేవి. ఎప్పుడూ రెండు వేళ్లు పొడుగే. "సరిపోయాయా" అని పెద్దమ్మ గుమ్మంలోంచే అడిగేది. లేదంటే ఆ జత, పక్కనే నిలబడి ఆశగా చూస్తున్న, తనకన్నా పాదాలు పెద్దవైన చెల్లెలి కాళ్లకు వెళ్లిపోతుంది. అందుకని ఆమె వేళ్లు ముడుచుకుని, చెప్పు జారకుండా బిగపట్టుకుని, "సరిపోయాయి పెద్దమ్మా" అనేది. బడికి వెళ్లే దారంతా గులకరాళ్లు మరి, ఏం చేస్తుంది పాపం. ఆ రోజుల్లో ఆ అబద్ధానికి ఒక అవసరం ఉండేది. అవసరం తీరిపోయాక కూడా అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు.

ఆమె భర్త వడ్రంగి. కంటికొలత మనిషి. గుమ్మం వైపు ఒకసారి చూసి తలుపు కొలత చెప్పేస్తాడు, తర్వాత టేపు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. పెళ్లయిన మూడో నెలలో ఒక సాయంత్రం పని నుంచి వస్తూ, ఆమెను అడక్కుండా, కాలి కొలత తీసుకోకుండా ఒక జత చెప్పులు పట్టుకొచ్చాడు. గోధుమరంగు, మడమ వెనక పట్టీ, ఐదో నంబరు. అంతవరకూ ఎవరూ తొడగని చెప్పులు ఆమె కాళ్లకు రావడం అదే మొదలు.

"సరిపోయాయా?" అన్నాడు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

"అచ్చు గుద్దినట్టున్నాయి" అంది ఆమె.

ఇంకేం, మనిషి సంబరం అంతా ఇంతా కాదు. అప్పటినుంచి ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరింటికి వెళ్లినా, ఎవరు ఇంటికొచ్చినా అదే కథ. "దీని కాలు నేను ఒక్కసారి చూశానంతే. కొలత తెచ్చారా అని షాపువాడు అడిగితే, నా కళ్లలో ఉందయ్యా అన్నా." విన్నవాళ్లే మళ్లీ వినేవాళ్లు. ఏటా ఒక జత, ఆయనే తెస్తాడు, అదే ఐదో నంబరు. పెళ్లయ్యాక ఆమె చెప్పుల షాపు గడప తొక్కలేదు.

వానాకాలం తలుపు ఉబ్బుతుందని ఎరిగిన వడ్రంగికి, ఏళ్ల తరబడి నిలబడిన పాదం పరుచుకుంటుందని మాత్రం తట్టలేదు. ఆమె చెప్పలేదు. కొత్త జత వచ్చినప్పుడల్లా చెప్పులు కరిచేవి, చిటికెన వేలి పక్కన పొక్కులు లేచేవి, ఇంత నూనె రాసుకుని ఊరుకునేది. షుగరు వచ్చిన ఏడెనిమిదేళ్లకు ఒక వింత జరిగింది. కొత్త చెప్పులు కరవడం మానేశాయి. తోలు మంచిది వాడుతున్నట్టున్నారు అనుకుని ఆమె సంతోషించింది కూడా. వదులుగా ఉన్నవి తొడిగితే కాళ్లకు అసలేమీ లేనట్టుండేది. బాగా బిగిస్తేనే ఏదో తొడుక్కున్నట్టు కాస్త ఆనవాలు తెలిసేది. అందుకని పట్టీని ఇంకో బెజ్జం బిగించుకునేది. తన చేత్తో తనే బిగించుకుంది, అదీ సంగతి.

బయటపడింది గుండుసూది వల్ల. ఒక మధ్యాహ్నం బొత్తాల పెద్దావిడ కింద పడ్డ బొత్తాలు ఏరుకుంటూ, "అక్కా, నీ చెప్పు కింద ఎర్రగా ఏంటి?" అంది. చూస్తే, నేల మీది గుండుసూది ఒకటి చెప్పు అడుగులోంచి పాదంలోకి దిగి ఉంది. పొద్దున్నుంచి దాని మీదే నిలబడి డెబ్బై చొక్కాలు చేసింది. సూది లాగేశాక చెప్పు విప్పి చూసుకుంటే, సూది పోటు కాదు అసలు సంగతి. చిటికెన వేలి పక్కన, సరిగ్గా పట్టీ ఒరుసుకునే చోట, రూపాయి బిళ్లంత పుండు. ఎన్నాళ్లుగా ఉందో ఏమో. స్నానం చేస్తూ రోజూ కాళ్లు కడుక్కుంటూనే ఉంది, వంగి చూసుకున్న పాపాన పోలేదు. వేలితో నొక్కింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసే ఆమె గుండెల్లో రాయి పడింది.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లింది. అక్కడ కాళ్ల పరీక్ష చేసే సిస్టరు చేతిలో చిన్న నైలాన్ దారం ముక్క ఉంది. "కళ్లు మూసుకోమ్మా. దారం తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పు" అంది. ఇక్కడ మన ఇస్త్రీ అక్క ఏం చేసిందో వినండి. పరీక్ష తప్పుతానేమోనన్న భయం కొద్దీ, సిస్టరు కూర్చున్న స్టూలు కిర్రుమన్నప్పుడల్లా తగిలింది అంటూ పోయింది. పదిసార్లు అంది. కళ్లు తెరిచాక సిస్టరు కోప్పడలేదు.

"నాలుగుసార్లే పెట్టానమ్మా. మిగతా ఆరుసార్లు ఊరికే వంగి లేచాను" అంది.

ఆమెకు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"అబద్ధం చెబితే నాకేం పోదు, నీ వేలే పోతుంది. మూడు వారాలు చూస్తాం. అప్పటికి ఈ పుండు మానే దారి పట్టకపోతే చిటికెన వేలు తీసెయ్యాల్సొస్తుంది. ఇంకా పాకితే వేలితో ఆగదు. ఇదంతా ఈ చెప్పులు చేసిన పని, ముందు వీటిని మానెయ్."

సిస్టరు ఆమెను ఒక కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత వెంట కత్తిరించి చేతికిచ్చింది. "కొత్త చెప్పులో ముందు ఈ కాగితం పెట్టి చూడు. అంచు ముడుచుకుందా, ఆ చెప్పు వద్దు. నీ కాలు నీకు చెప్పదు కాబట్టి కాగితాన్ని అడగాలి. సాయంత్రం వెళ్లు, పొద్దంతా నిలబడ్డాక కాలు ఎంతుంటుందో అదే నీ సైజు. ఇంట్లో ఎవరినైనా వెంట తీసుకెళ్లు. ఎవరో తెచ్చిచ్చినవి మాత్రం తొడుక్కోవద్దు."

ఆ ఎవరో ఎవరో సిస్టరుకు తెలియదు. ఆమెకు తెలుసు.

రెండు రోజులు ఆ కాగితం ఆమె సంచీలోనే తిరిగింది. మానెయ్యమన్న చెప్పులే తొడుక్కుని పనికి వెళ్లింది, ఎందుకంటే మానేస్తే ఇంట్లో ఎందుకని అడుగుతారు. కట్టు చూసి భర్త "ఏమైంది?" అంటే "గీసుకుపోయింది" అంది. బల్ల దగ్గర నిలబడితే కళ్లు చొక్కా మీద నిలిచేవి కావు, మాటిమాటికీ కాలివైపే పోయేవి. వేలు తీసేస్తే నిలబడగలదా? నిలబడలేకపోతే బల్ల ఉంటుందా? బల్ల పోతే రేపటి నుంచి పొద్దున తొమ్మిదింటికి తను ఎక్కడుంటుంది? ఇవన్నీ ఒక ఎత్తు, ఆయనకు చెప్పడం ఒక ఎత్తు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఊరంతా చెప్పుకున్న ముచ్చటే నా కాలు తినేసిందని ఏ నోటితో చెప్పడం? అన్నం ముందు కూర్చుని రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ ఇంకొంచెం పెట్టనా అని అడిగి లేచింది.

మూడో రోజు సాయంత్రం గుండె దిటవు చేసుకుంది. "ఏవండీ, చెప్పులు కొనుక్కోవాలి. ఈసారి నేనూ వస్తా."

ఆయన చెక్క చిత్రిక పడుతున్నవాడల్లా ఆగాడు. "నువ్వెందుకు? నేను తెస్తాగా."

"ఊరికే. ఒకసారి చూద్దామని."

"చూడ్డానికేముందే, ఐదో నంబరు" అన్నాడు. గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు తెలిసింది. అయినా చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

షాపు సన్నగా పొడుగ్గా ఉంది. రెండు వైపులా కప్పుదాకా అట్టపెట్టెలు, చివర్న గోడకు ఆనించి నేలబారు అద్దం. కాళ్లు చూసి చూసి మొహాలు చూడటం మర్చిపోయినట్టున్న నడివయసు సేల్స్‌మన్ ఒకడు వాలుపీట లాక్కుని ఆమె ముందు కూర్చున్నాడు. భర్త ఎప్పటిలాగే కథ ఎత్తుకున్నాడు, నా కళ్లలో ఉందయ్యా దాకా వచ్చి నవ్వాడు. సేల్స్‌మన్ నవ్వలేదు. ఆమె పాదం వైపు చూసి, "ఐదా సార్?" అన్నాడు.

"ఐదే. కళ్లు మూసుకుని తే."

ఐదు వచ్చింది. సేల్స్‌మన్ కట్టు తగలకుండా జాగ్రత్తగా తొడిగాడు. "వేళ్ల దగ్గర పట్టేస్తోందా అమ్మా?"

ఆమె అతని మొహం చూసింది, తర్వాత భర్త మొహం చూసింది. జవాబు ఎప్పుడూ అక్కడే వెతుక్కునేది ఆమె, కాళ్లలో కాదు. "లేదు. సరిపోయాయి" అంది. చంకలో సంచీ, సంచీలో కాగితం. తియ్యాలి, ఇప్పుడే తియ్యాలి అనుకుంటోంది. చెయ్యి కదలడం లేదు.

"నాకెందుకో చిన్నవనిపిస్తోందమ్మా. ఏడు తెస్తాను, ఒకసారి వేసుకుని చూడండి."

"ఏడా?" భర్త నవ్వాడు. "ఏడు తెస్తే మేమిద్దరం చెరో కాలూ పెట్టుకుని నడవొచ్చు."

"చూస్తే పోయేదేముంది సార్" అంటూ సేల్స్‌మన్ అప్పటికే నిచ్చెన ఎక్కాడు. దిగి వచ్చి, ఏడో నంబరువి ఆమె కాళ్లకు పెట్టి, "పట్టీ తర్వాత బిగిద్దాం, ముందు పొడుగు చూద్దాం. ఆ అద్దం దాకా నడవండి" అన్నాడు.

ఆమె లేచి నడిచింది. అద్దం ఎనిమిది అడుగుల దూరం. నడుస్తూ ఆలోచించింది ఒక్కటే, ఏం చెప్పాలి? ఐదు బాగుందంటే వేలు పోతుంది. ఏడు బాగుందంటే ఆయన మొహం ఎలా ఉంటుందో. రెండిట్లో ఏది నిజమో అడుగుదామంటే కింద రెండు పాదాలూ ఎవరివో అన్నట్టున్నాయి. అద్దం దగ్గరికి చేరకముందే అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. "ఇవీ సరిపోయాయి. హాయిగా ఉన్నాయి."

ఆమె వెనక్కి తిరిగింది. సేల్స్‌మన్ తల దించుకుని అట్టపెట్టె మూత సర్దుతున్నాడు. భర్త నోట్లో నవ్వు సగంలో ఆగి ఉంది. ఇద్దరి మధ్యా, నేల మీద, ఎడమకాలి చెప్పు పక్కకు ఒరిగి పడి ఉంది. ఎప్పుడు జారిందో. అద్దంలోకి చూసుకుంది. కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి కట్టు ఒక్కటే ఉంది. ఆ ఒట్టి కాలితోనే హాయిగా ఉందని చెప్పింది.

ఆయన వంగి చెప్పు తీసుకుని దగ్గరికి వచ్చాడు. "జారిపోతే చూసుకోవా?" అన్నాడు మెల్లగా.

"నాకు తెలియలేదండీ."

"ఏం తెలియలేదు?"

"చెప్పు ఉందో పోయిందో." నోరు పెగల్చుకోవడం ఒక్కటే కష్టమైంది, పెగిలాక ఇక ఆగలేదు. "రెండేళ్లుగా కాళ్లు తెలియడం లేదు నాకు. ఐదైనా ఏడైనా ఒకటే. సూది గుచ్చుకుంటే తెలియలేదు, పుండు పడితే తెలియలేదు. వేలు తీసెయ్యాల్సొస్తుందేమోనంటున్నారు. నాకు భయంగా ఉందండీ. చాలా భయంగా ఉంది."

యాభై ఏళ్లు దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక తనకు బాగాలేదని పైకి చెప్పడం అదే మొదటిసారి. అదీ చెప్పుల షాపులో, అద్దం ముందు, ఒంటి చెప్పుతో.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడాయన. కోపంగా అనలేదు, అర్థంకాక అన్నాడు.

"మీరు తెచ్చినవి కదా."

ఆయన మొహంలో రంగు మారింది. చేతిలో చెప్పును అటూ ఇటూ తిప్పాడు. ఆమె సంచీ తెరిచి కాగితం తీసి ఇచ్చింది, సిస్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఆయన నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు ఐదో నంబరులో కాగితం పెట్టాడు. రెండు అంచులూ పైకి లేచి మడతపడ్డాయి. తీసి, మళ్లీ పెట్టాడు. మళ్లీ మడతపడ్డాయి. ఆరు తెమ్మన్నాడు. ఆరులో ఒక్కచోటే ముడుచుకుంది, చిటికెన వేలి పక్కన, సరిగ్గా కట్టు ఉన్న చోట. ఆయన ఆ ముడత మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. ఏడులో కాగితం బల్లపరుపుగా పడుకుంది, ముందు ఒక వేలి సందు కూడా మిగిలింది.

"ఏడు కట్టండి" అన్నాడు సేల్స్‌మన్‌తో. దారి పొడుగునా ఆమె రెండడుగులకోసారి కిందికి చూసుకుంటూ నడిచింది.

ఆ తర్వాతి మూడు వారాలు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. సూపర్‌వైజరుకూ చెప్పుకుంది, నిలబడలేను, కాలు బాగాలేదని. "మూడు వారాలు మడతల దగ్గర కూర్చో. ఆపైన నిలబడకపోతే బల్ల ఇంకొకరికి ఇవ్వాలి మరి" అన్నాడు. తన గోడ మూల బల్ల దగ్గర కిటికీ బల్ల అమ్మాయి నిలబడి చేస్తుంటే, ఆమె కూర్చుని మడతలు పెడుతూ రోజులు లెక్కపెట్టింది. టీ వేళకు బొత్తాల పెద్దావిడ వచ్చి చెప్పుల అడుగున సూదులేమైనా దిగాయేమో తిప్పి చూసి పోయేది.

ఇంట్లో ఆ చూడటం భర్త పని అయింది. సాయంత్రం చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, దీపం కింద ఆమె పాదం ఒళ్లోకి తీసుకునేవాడు. "మీరు పట్టుకోవడమేంటండీ" అని ఆమె మొదటిరోజు కాలు లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. వేళ్ల సందులు, మడమ, అరికాలు, చెక్కలో పగులు వెతికినట్టు వెతికేవాడు. తర్వాత కళ్లు మూసుకోమని, "ఎక్కడ పెట్టాను వేలు?" అని అడిగేవాడు.

మొదటిరోజు ఆమె "మడమ మీద" అంది.

"పెట్టలేదింకా" అన్నాడాయన.

రెండో రోజు నుంచి తెలియడం లేదంటే తెలియడం లేదనే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆయన "సరే" అనేవాడు, అదే సరైన జవాబన్నట్టు.

ఇరవై ఒకటో రోజు సిస్టరు కట్టు విప్పింది. ఆమె గోడవైపు చూసింది. చాలాసేపటి తర్వాత సిస్టరు గొంతు వినిపించింది. "మూసుకుంది. లేత చర్మం వచ్చింది. వేలికి ఢోకా లేదు. కానీ చూసుకోవడం మానొద్దు, కాళ్లలో స్పర్శ మాత్రం తిరిగి రాదు." బయట బెంచీ మీద ఆయన టేపు లాగుతూ వదులుతూ కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం చూశాక టేపు జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా పాదం ఒళ్లోకి తీసుకున్నాడు. చూడటం అయిపోయింది, అయినా కాలు వదల్లేదు.

"ఒకటడుగుతా, నిజం చెప్పు."

"అడగండి."

"మొదటి జత. ఆ గోధుమరంగువి. అవైనా సరిపోయాయా?"

మాట ఆమె నాలుక కొన మీదికి వచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడ కాపురమున్న మాట. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది, పైకి నెట్టుకోకుండా ఎదురుచూస్తున్నాడు. ఆమె ఆ మాట మింగేసింది.

"లేదండీ. కరిచేవి. మడమ వెనక తోలు లేచిపోయింది. మీరు పనికి వెళ్లాక వారం రోజులు కుంటుకుంటూ తిరిగాను."

ఆయన తలూపాడు. "మరి ఎలా తొడుక్కున్నావే అన్నాళ్లు?"

"అప్పుడు తెలిసేది కదండీ. ఎక్కడ కరుస్తోందో తెలిసేది, అక్కడ నూనె రాసుకునేదాన్ని." ఆమె పాదం వైపు చూసుకుంది. "మళ్లీ ఒకసారి కరిస్తే బాగుండనిపిస్తోంది."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. తర్వాత, "కళ్లు మూసుకో" అన్నాడు.

ఆమె మూసుకుంది.

"ఇప్పుడు?"

"తెలియడం లేదండీ."

"సరే" అన్నాడాయన. ఆయన అరచెయ్యి ఆమె పాదాన్ని పూర్తిగా కప్పి ఉంది, చాలాసేపు అక్కడే ఉంచాడు.